పైతలుపు సాక్షి

1. సోమవారం

ఈ పెట్టె ఈరోజు తెచ్చిచ్చినారు. అరచేతిలో పట్టేంత ఉంది. మనుషులకు చెప్పకూడని మాటలు దీనికి చెప్పుకోవచ్చంట. ఇంతకుముందు కొందరు తెరసాక్షులు, అంటే పేరు దాచి తెర వెనకనుంచి సాక్ష్యం చెప్పేవాళ్ళు, మాట కడుపులో దాచుకోలేక ఎవరికో ఒకరికి చెప్పేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నారని సాక్షుల సంరక్షణ వాళ్ళు ఈ ఏర్పాటు చేసినారు. వాళ్ళ ఆఫీసరు మొహం నేను చూడలేదు. చెవిలో పెట్టుకునే గుండీలోంచి గొంతు మాత్రం వస్తుంది. "అప్పుడప్పుడు కొంచెం మాట్లాడమ్మా, మనసు తేలికవుతుంది," అన్నాడు. నా మనసు బరువుగా ఏమీ లేదు. అసలు ఏమీ లేదు.

నా పేరు ఉరుకుందమ్మ. దిగువూరిలో ఉతుకుడు గదిలో పని. ఒకప్పుడు ఇది నాపరాయి గని అంట. పైన ఎండకు మనుషులు బతకలేని కాలం వచ్చినాక మా తాతలు ఇందులోకి దిగినారు. నేను పుట్టింది ఇక్కడే.

కేసు సంగతి చెప్తాను. మంటగాలి లేచిన రోజు తిక్కన్న పైన ఉన్నాడు. ఎండపలకల మీద దుమ్ము తుడవడం అతని పని. ఆ పలకలు లేకపోతే మాకు దీపాలు లేవు, గాలి లేదు. మంటగాలి లేస్తే సైరను కూస్తుంది, పైన ఉన్నవాళ్ళు పరిగెత్తుకుంటూ దిగొచ్చేస్తారు, కాపరి మద్దిలేటి చక్రం తిప్పి పైతలుపు మూసేస్తాడు. ఆ రోజు మిగతావాళ్ళందరూ దిగినారు. తిక్కన్న దిగలేదు. గాలి తగ్గినాక తలుపు తెరిస్తే గడప అవతలే పడి ఉన్నాడు.

అంతకుముందే భోజనాల గదిలో వాళ్ళిద్దరూ కొట్టుకున్నారు. నీళ్ళ వరసలో ఎవరు ముందు అన్న మాట మీద మొదలైంది. "ఒకరోజు నిన్ను బయటే పెట్టి తలుపేస్తా, సూస్తాండు," అన్నాడు మద్దిలేటి. ఊరంతా విన్నది, ఊరంతా మర్చిపోయింది. తిక్కన్న పోయినాక అందరికీ గుర్తొచ్చింది.

ఆ రోజు ఉతుకుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. సైరను ఆగినాక చప్పుడు వినిపించింది, ఇనుము మీద ఎవరో చేత్తో కొడుతున్నట్టు. ఆగి, మళ్ళీ. నడవాలోకి వచ్చి మలుపులో ఉన్న కిటికీ అద్దంలోంచి చూసినాను. దూరంగా మద్దిలేటి తలుపుకు ఎదురుగా నిలబడి ఉన్నాడు, చేతులు చక్రం మీద ఉన్నాయి. తెరుస్తున్నాడనుకొని లోపలికి పోయినాను. చప్పుడు ఇంకా కాసేపు వినపడి ఆగిపోయింది.

విచారణకు వచ్చినాయన ఊర్లో వాళ్ళను ఒక్కొక్కర్నే పిలిచి అడిగినప్పుడు ఇదే చెప్పినాను. తలుపు కొట్టడం విన్నాను, అతను తెరవకుండా నిలబడి ఉన్నాడు అని. ఆయన రాసుకోవడం ఆపి, "ఇది ఇంకెవరికైనా చెప్పినావా?" అన్నాడు. లేదన్నాను. "చెప్పొద్దు. నిన్ను తెర వెనక పెడతాం," అన్నాడు.

ఉతుకుడు గదిలో నాతో పాటు పని చేసేది తులశమ్మ. ఆ రోజు బిడ్డకు జ్వరమని రాలేదు. మద్దిలేటి ఆమె మొగుడు. రేపు ఇద్దరం కలిసి దుప్పట్లు ఉతకాల.

2. గురువారం

దుప్పట్లు అయిపోయినాయి. ఒకసారి వాడిన నీళ్ళను వడగట్టి మళ్ళీ వాడుతాం కాబట్టి తెల్లగుడ్డలు కూడా నాపరాయి రంగుకు తిరిగిపోయినాయి. ఎంత ఉతికినా అదే రంగు. తడి దుప్పటి చెరో చివర పట్టుకుని పిండేటప్పుడు తులశమ్మ, నేను ఎదురెదురుగా నిలబడాల. మొహం చూసుకోక తప్పదు.

"అక్కా, ఎవరో తెరసాక్షి ఉన్నారంట. తలుపు కొట్టడం విన్నామని చెప్తారంట," అంది.

"అట్లనా," అన్నాను.

"ఆయన నాతో ఒట్టేసి చెప్పినాడు, నాకేమీ వినపడలేదు తులశీ అని. మరి ఈ మనిషికెట్లా వినపడె? తలుపు దగ్గర ఉన్నోళ్ళకే కదా వినపడేది? ఆ పక్కన ఇంకెవరుంటారు?"

నేను దుప్పటి మెలి తిప్పినాను. ఆమె కూడా తిప్పింది. నీళ్ళు తొట్టిలోకి కారినాయి.

ఆమె ఒక్కొక్క పేరే చెప్తూ పోయింది. పలకలు తుడిచేవాళ్ళు, నడవాలో దీపాలు మార్చే మనిషి, నీళ్ళ వరస చూసే ఆయమ్మ. ప్రతి పేరుకీ నేను ఊ అన్నాను. చివరికి "ఓబులేసు మామ," అని ఆగింది. పైతలుపు పక్కన పెద్ద ఫ్యాను నడిపే ముసలాయన. ఇంకో పేరు చెప్పలేదు.

3. మంగళవారం

ఈరోజు నోరుమూత గంట. తెరసాక్షి మాట్లాడే రోజు అట్లా చేస్తారు. పెద్దవాళ్ళందరూ ఎవరి గదుల్లో వాళ్ళు ఉండాల. బయటనుంచి తాళాలు పడతాయి. కోర్టు గోడ స్పీకరులో వినిపిస్తుంది. సాక్షి ఏదో ఒక గదిలోంచి మాట్లాడుతుంది, ఏ గదో ఎవరికీ తెలీదు. గోడలు రాతివి కాబట్టి పక్క గది మాటలు వినపడవు. గట్టిగా ఏడిస్తే వినపడుతుంది.

మంచం మీద కూర్చుని ఈ పెట్టెలోనే కోర్టుకు చెప్పినాను. నా మాట కొంచెం ఆగి స్పీకరులోంచి వచ్చింది. అది ఆడగొంతు కాదు, మగగొంతు కాదు. నీళ్ళు వదిలే వేళలు చెప్పే గొంతు లాగా ఉంది. ఆ గొంతు మా మాటల్లో యాసంతా తీసేసింది. "తలుపు కొడుతున్న శబ్దం విన్నాను. అతను తెరవకుండా నిలబడి ఉన్నాడు," అని అది అన్నప్పుడు నాకే నమ్మబుద్ధి అయ్యింది.

మద్దిలేటి తరఫు వకీలు పేరు జుబేదా. నేల కింది పట్నం నుంచి వచ్చింది. జడ్జి గారు పట్నంలోనే ఉండి మాట్లాడుతుంది.

"సాక్షి గారూ, ఆ శబ్దం విన్నప్పుడు మీరు ఎక్కడున్నారు?" అని జుబేదా అడిగింది.

చెప్పబోయినాను. పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. మాట్లాడొద్దని దాని గుర్తు.

"ఆ ప్రశ్న కుదరదు," అంది జడ్జి గారు. "ఎక్కడున్నారో చెప్తే ఎవరో తెలిసిపోతుంది."

"తలుపుకు దగ్గరలోనా, దూరంలోనా? అదైనా అడగనివ్వండి."

"కుదరదు."

"అప్పుడు పెద్ద ఫ్యాను తిరుగుతోందా? మీకు ఫ్యాను చప్పుడు వినిపించిందా?"

"వకీలు గారూ, మీరు తిప్పి తిప్పి అదే అడుగుతున్నారు."

జుబేదా కాగితాలు తిప్పిన చప్పుడు వచ్చింది. "అయితే నేను అడగడానికి ఏమీ మిగల్లేదు," అంది.

నా పక్క గది తులశమ్మది. గోడ అవతల ఆమె ఏడుపు వినిపించింది. తాళాలు తీసినాక పోయి గ్లాసుతో నీళ్ళిచ్చినాను.

"విన్నావా అక్కా ఎట్లా చెప్పినాడో! మనిషి గొంతేనా అది?"

విన్నానని చెప్పినాను.

4. శుక్రవారం

భోజనాల గదిలో కొర్రసంగటి, పుట్టగొడుగుల పులుసు. ఓబులేసు చిన్నాయన కంచం పట్టుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చుంటే, ఆ బల్ల మీద ఉన్నవాళ్ళు లేచి వేరే బల్లకు పోయినారు.

పైతలుపు పక్కనే పెద్ద ఫ్యాను గది. ఆయన అందులో పని చేస్తాడు. గాలిని కింది వరకు తోసేది ఆ ఫ్యానే. తలుపు మూసినప్పుడు దాన్ని పూర్తి వేగంలో పెడతారు. ఊరి లెక్క ఏమిటంటే, తలుపు కొట్టిన చప్పుడు వినిందంటే ఆ మనిషి తలుపు దగ్గర ఉండాల, అక్కడ మద్దిలేటి కాకుండా ఇంకెవరుంటారు, ఓబులేసు ఉంటాడు. పేకాటలో ఒకసారి మద్దిలేటికి, ఆయనకు మాటామాటా కూడా పెరిగింది.

"ఓబులేసుకు చెవులు పనిచేయవు కదరా," అని ఎవరో అన్నారు.

"పనిచేయవని ఆయన చెప్పుకుంటాడు. మనం చెవిలో దూరి చూసినామా?" అన్నాడు తులశమ్మ అన్న ఈరన్న.

చిన్నాయన తల వంచుకుని సంగటి తింటున్నాడు. తన గురించే మాట్లాడుతున్నారని తెలుసో లేదో. నేను నా కంచం కడిగి పెట్టి వచ్చినాను.

5. సోమవారం

తీర్పు వచ్చింది. కావాలనే చంపినాడు అని. శిక్ష, పైకి పంపడం. మధ్యాహ్నం పూట పైతలుపు తెరిచి మనిషిని బయట పెట్టి మూసేస్తారు. దాన్ని ఖాయం చేసే విచారణ ఇంకొకటి ఉంది, అది కాగానే పంపుతారు.

మద్దిలేటిని భోజనాల గది గోడ మీది తెరలో చూపించినారు. గడ్డం పెరిగింది. "నాకు సావంటే బయం లేదు," అన్నాడు. "ఆ మాట చెప్పిన మనిషిని ఒక్కసారి నా ముందరికి తీసుకురాండి. నా మొహం సూసి చెప్పమనండి. సాలు."

చట్టం ఒప్పుకోదని జడ్జి గారు నెమ్మదిగానే చెప్పింది.

తిక్కన్న తల్లి కాశమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. ఏడవలేదు. తెర ఆరిపోయినాక కూడా దాన్నే చూస్తూ కూర్చుంది.

6. ఆదివారం

ఓబులేసు చిన్నాయన గదికి గాలి వచ్చే రంధ్రానికి ఎవరో బయటనుంచి గోనెసంచి కుక్కి, రేకు కొట్టినారు. పొద్దున పనికి రాలేదని పోయి తలుపు పగలగొడితే పెదాలు నల్లబడి నేల మీద ఉన్నాడు. ఊపిరి ఉంది. వైద్యశాలలో పెట్టి ముక్కుకు గొట్టం తగిలించినారు.

ఎవరు చేసినారని అడిగితే ఎవరూ చూడలేదంట. నడవాలో అన్ని గదులున్నాయి, రేకు కొట్టిన చప్పుడు ఒక్కరికీ వినపడలేదంట.

తులశమ్మ పనికి వచ్చింది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రోజంతా ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం దీపాలు పసుపుకు తిరిగినాక, "అక్కా, మా అన్న సేసిండడు కదా?" అంది.

"నాకు తెలీదు," అన్నాను. అది నిజమే.

7. శనివారం

చిన్నాయన లేచినాడు. లేవగానే ఫ్యాను దగ్గరికే పోయినాడు, ఇంకెక్కడికి పోవాలో తెలీక. భోజనాల గదికి మాత్రం రావడం లేదు. ఆయనకు తిండి ఎవరు తీసుకుపోతారని వంటావిడ అడిగితే ఎవరూ మాట్లాడలేదు. నేను గిన్నె తీసుకుని పోయినాను.

ఫ్యాను గదికి తలుపు లేదు. పైతలుపు చక్రానికి, ఫ్యానుకు మధ్య నాలుగడుగుల దూరం కూడా ఉండదు. అంత దగ్గరని నాకు తెలీదు. మా పనివాళ్ళకు అటు పోయే పని పడదు.

పైన గాలి తిరగబడుతోందని ఫ్యాను పూర్తి వేగంలో పెట్టినాడు. నేను చక్రం పక్కన నిలబడి, "చిన్నాయనా, సంగటి," అన్నాను. నా మాట నాకే వినపడలేదు. ఇంకా గట్టిగా అన్నాను. గొంతు అదిరింది, చప్పుడు మాత్రం లేదు. చిన్నాయన నన్ను చూసి ఏదో అన్నాడు. పెదాలు కదిలినాయి. గిన్నె మూత జారి రాతి నేల మీద పడింది. అది పడినట్టు కంటికి కనపడింది, అంతే.

ఆయన తింటున్నంతసేపు అక్కడే నిలబడినాను.

తిరిగి ఉతుకుడు గదికి వచ్చినాను. ఆవిరి పైకి పోయే గొట్టం మా గది మూలలోంచి లేస్తుంది. అది పైన ఎక్కడ తేలుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. మరమ్మతు చేసే అబ్బయ్యను అడిగినాను. "పైతలుపు చట్రానికే బిగించినారు కదక్కా. ఆ తలుపు ఇనుము, ఈ గొట్టం ఇనుము అన్నీ ఒకటే," అన్నాడు.

నేను విన్నది నిజమే. గొట్టంలోంచి విన్నాను. చక్రం పట్టుకుని నిలబడిన మనిషికి అది వినపడి ఉండాలని నేనే అనుకున్నాను. నన్నెవరూ అడగలేదు. అడిగినామెను ఆపేసినారు.

8. ఆదివారం

చెవిలో గుండీ పెట్టుకుని ఆఫీసరుతో మాట్లాడినాను. ఉతుకుడు గదిలో ఉండి విన్నానని కోర్టుకు చెప్పాలన్నాను.

ఆయన అన్నాడు, "ఉతుకుడు గదిలో పనిచేసేది ఇద్దరేనమ్మా. ఒకామె ముద్దాయి భార్య. ఆ మాట చెప్తే నీ పేరు చెప్పినట్టే."

"పేరు లేకుండా చెప్పే దారి లేదా?"

"జడ్జి గారికి మూసిన కవరులో పంపొచ్చు. కానీ అవతలి వకీలుకు చూపకుండా దాన్ని లెక్కలోకి తీసుకోలేరు. చూపిస్తే నువ్వెవరో తెలుస్తుంది. రెండూ కుదరవు."

"మరి నేనే చెప్తే?"

"తెర బయటికి వచ్చిన సాక్షిని మేం మళ్ళీ కాపాడలేం. ఓబులేసుకు ఏం జరిగిందో చూసినావు కదా." ఆయన గొంతులో బెదిరింపు లేదు. బాధ ఉన్నట్టే ఉంది. "నువ్వు అబద్ధం చెప్పలేదు ఉరుకుందమ్మా. విన్నది చెప్పినావు. ఇంటికి పోయి పడుకో."

ఇంట్లోనే ఉన్నాను. పడుకున్నాను.

9. బుధవారం

వైద్యశాల గుడ్డలు ఉతికినాను. తులశమ్మ మొగుడి చొక్కా ఒకటి తెచ్చి, "బయటికి పంపేనాటికి ఉతికినది ఏసుకోవాలంట," అంది. ఆమె చేతిలోంచి తీసుకుని నేనే ఉతికినాను. జేబు దగ్గర కుట్టు ఊడిపోయి ఉంటే కుట్టినాను కూడా.

10. శుక్రవారం

శిక్ష ఖాయం చేసే విచారణ ఈరోజు భోజనాల గదిలో జరిగింది. దీనికి ఎవరైనా రావచ్చు. గోడ మీద జడ్జి గారి తెర. మద్దిలేటిని ఇద్దరు పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టినారు. నేను కుట్టిన చొక్కానే వేసుకున్నాడు. తులశమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది.

ఎవరికైనా చెప్పుకునేది ఉందా అని జడ్జి గారు అడిగింది. అది మామూలుగా అడిగే మాట. అడిగి కాగితం వైపు చూసుకుంది.

నేను లేచినాను. కాళ్ళు నడుస్తుంటే ఇంకెవరి కాళ్ళో చూస్తున్నట్టు ఉంది. ముందుకు పోయి మద్దిలేటికి ఎదురుగా నిలబడినాను.

"తెరసాక్షిని నేనే," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. చెవిలో గుండీ ఏదో అరిచింది. తీసి జేబులో వేసుకున్నాను.

"అమ్మా, నువ్వు మాట్లాడేది ఏమిటో తెలుసా?" అంది జడ్జి గారు.

"తెలుసమ్మా. నా పేరు ఉరుకుందమ్మ. తలుపు కొట్టడం విన్నది నేను. ఆ వకీలమ్మ అప్పుడు అడిగినది మళ్ళీ అడగమనండి."

జుబేదా లేచి నిలబడింది. నా దగ్గరికి వచ్చింది. దగ్గరనుంచి చూస్తే నాకంటే చిన్నది. ఆమె గొంతు సన్నగా వచ్చింది. "ఆ శబ్దం విన్నప్పుడు మీరు ఎక్కడున్నారు?"

"ఉతుకుడు గదిలో. ఆవిరి గొట్టంలోంచి వినపడింది."

"తలుపు దగ్గర ఉన్నవాళ్ళకు వినపడుతుందా?"

"ఫ్యాను పూర్తిగా తిరిగేటప్పుడు అక్కడ నిలబడి చూసినాను. నా గొంతు నాకే వినపడలేదు."

"మరి ముద్దాయి కావాలనే తెరవలేదని ఎలా చెప్పారు?"

"నాకు వినపడింది కాబట్టి అతనికీ వినపడి ఉంటుందనుకున్నాను. అతను నిలబడింది చూసినాను. ఎందుకు నిలబడినాడో నాకు తెలీదు."

వెనకనుంచి ఎవరో బూతు తిట్టినారు. ఎవరో బల్ల మీద కొట్టినారు. "డబ్బులు మెక్కి మాట మారుస్తాంది!" అని తిక్కన్న తరఫు వాళ్ళెవరో అన్నారు. మద్దిలేటి మాత్రం నన్నే చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ సాక్షి మొహం చూడాలని అడిగినాడు కదా. చూస్తే ఏం చేస్తాడో అనుకున్నాను. ఏమీ చేయలేదు. చదువు రాని మనిషి కాగితం చూసినట్టు చూసినాడు.

తులశమ్మ వైపు నేను తిరగలేదు. బిడ్డ ఏడుస్తూ ఉంది. ఆమె సముదాయించడం లేదు.

11. గురువారం

జడ్జి గారు పరీక్ష పెట్టించింది. ఫ్యాను పూర్తి వేగంలో పెట్టి, బయటనుంచి ఒక మనిషి చేత తలుపు కొట్టించినారు. చక్రం దగ్గర జుబేదా, ప్రభుత్వ వకీలు నిలబడినారు. వాళ్ళకేమీ వినపడలేదు. ఉతుకుడు గదిలో ఉన్నవాళ్ళకు స్పష్టంగా వినపడింది.

చంపినాడన్న తీర్పు కొట్టేసినారు. దిగినవాళ్ళను లెక్క చూసుకోకుండా తలుపు మూసినందుకు మద్దిలేటిని కాపరి పనిలోంచి తీసేసి, కింది గనిలో రాయి కొట్టే శిక్ష వేసినారు. చాలా ఏళ్ళు. ప్రాణం ఉంటుంది.

నన్ను ఉతుకుడు గదిలోంచి మార్చినారు. తులశమ్మ నాతో పని చేయనని చెప్పిందంట. ఇప్పుడు పుట్టగొడుగులు పెంచే గదిలో పని. చీకటి, తడి. అక్కడ మాట్లాడాల్సిన పని లేదు. చుట్టూ నాలుగు గదుల వాళ్ళు నన్ను చూస్తే తలుపు వేసుకుంటారు. ఓబులేసు చిన్నాయన ఒక్కడే నడవాలో ఎదురైతే చేయెత్తుతాడు. భోజనాల గదిలో ఆయన బల్ల దగ్గర ఇప్పుడు జనం కూర్చుంటున్నారు. అప్పుడు ఏం జరిగిందో ఎవరూ ఎత్తరు.

తులశమ్మ ఒకరోజు నా గది ముందర ఆగింది. లోపలికి రాలేదు.

"మా ఆయన మీద చెప్పినందుకు కాదక్కా," అంది. "నువ్వు విన్నావు, చెప్పినావు. మళ్ళీ నువ్వే వచ్చి కాపాడినావు. అది నాకు తెలుసు."

నేను మంచం మీదనుంచి లేచినాను.

"నేను పేర్లు చెప్తాంటే నువ్వు ఎదురుగా నిలబడి ఊ కొట్టినావు. ఓబులేసు మామ పేరు నేనే మా అన్నకు చెప్పినాను. ఈ నోటితోనే. ఆ పేరు మొదట అన్నప్పుడు నువ్వు దుప్పటి రెండో చివర పట్టుకుని ఉండావు." ఆమె గొంతు పెంచలేదు. "ఆ ముసలాయన చచ్చిపోయింటే నేనేమయ్యేదాన్ని?"

జవాబు కోసం ఆగకుండా పోయింది.

12. సోమవారం

మద్దిలేటిని చూసినాను. కింది గని వాళ్ళకు భోజనం మా గది దారినే పోతుంది. గంపలు మోసేవాళ్ళలో అతనూ ఉన్నాడు. నన్ను చూసి గంప దించినాడు. కాపలా మనిషి ఏమీ అనలేదు.

"అక్కా, ఒకటి అడగాలనుకుంటాండా," అన్నాడు. "నువ్వు సూసినప్పుడు నేను ఎట్లా నిలబడుకోనుంటి?"

"తలుపుకు ఎదురుగా. చేతులు చక్రం మీద ఉన్నాయి."

"విన్నట్టు ఉంటినా? విననట్టు ఉంటినా?"

"వెనకనుంచి చూసినాను మద్దిలేటీ. నీ మొహం కనపడలేదు."

అతను తల ఊపినాడు. "విన్నావు విన్నావు అని ఇన్నాళ్ళు అందరూ అన్యారు. జైలులో పడుకుంటే నాకే వినపడేది, దబదబమని. ఇప్పుడు వినలేదు పో అంటాండారు." గంప మళ్ళీ నెత్తికెత్తుకున్నాడు. "ఆ పొద్దు ఏం జరిగిందో నాకే తెలీకుండా పోయిందక్కా."

పోయినాడు. నేను పుట్టగొడుగుల మీద నీళ్ళు చిలకరించినాను.

13. మంగళవారం

నేను ఇంక తెరసాక్షిని కాదు కాబట్టి ఈ పెట్టె రేపు వాపసు ఇవ్వాలంట. లోపల ఉన్న మాటలు చెరిపేస్తామని చెప్పినారు. చెరిపేయనీ.

ఈరోజు కాశమ్మ పెద్దమ్మ వచ్చింది. తిక్కన్న తల్లి. తలుపు తట్టకుండానే తోసుకుని లోపలికి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. వాళ్ళ వాళ్ళు రోజూ తిడుతూనే ఉన్నారు. మంచం చూపించినాను. కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. చాలాసేపు గది అంతా చూసింది, ఉన్నది ఒక మంచం, ఒక బల్ల, పొయ్యి.

"తెర వెనక ఎవరో ఉండారని చెప్పిన దినం నుంచి అనుకుంటాండా అమ్మీ," అంది. "మా వోడి చివరి చప్పుడు విన్న మనిషి ఈ ఊర్లోనే ఎవరో ఉండారు. వాళ్ళను పట్టుకోని అడగాల, అడగాల అని. ఎవర్నని అడిగేది? కోర్టోళ్ళ కాడికి పోతే చెప్పకూడదంట్రి."

"ఏం అడగాలనుకున్నావు పెద్దమ్మా?"

"పిలిసినాడా?"

"మాట వినపడలేదు. ఇనుము మీద కొట్టినాడు."

"బయపడి కొట్టినట్టు ఉండెనా?"

నేను అబద్ధం చెప్పొచ్చు. ఒకసారి తప్పుగా అనుకుని చెప్పిన దానికి ఇంత జరిగింది. "మొదట్లో లేదు," అన్నాను. "తలుపు తీస్తారులే అన్నట్టు కొట్టినాడు. తర్వాత్తర్వాత తొందరగా కొట్టినాడు. ఆ తర్వాత మెల్లగా అయిపోయింది."

ఆమె నా చేయి పట్టుకుని బల్ల మీద పెట్టింది. "ఎట్ల కొట్టినాడో సూపించు."

వద్దన్నాను. ఆమె చేయి తీయలేదు. అందుకని కొట్టినాను. మొదట ఎట్లా కొట్టినాడో అట్లా. ఆమె కళ్ళు మూసుకుని వింది. తొందరగా కొట్టిన దగ్గరికి వచ్చేసరికి నా చేయి ఆగిపోయింది. ఇన్ని నెలల్లో రాని ఏడుపు వచ్చింది. నోరు తెరుచుకుంది, చప్పుడు రాలేదు.

"కానీ," అంది కాశమ్మ పెద్దమ్మ. "సగంలో ఆపొద్దు. వాడు ఆపలేదు కదా."

చివరిదాకా కొట్టినాను.

ఆమె తర్వాత లేచి, పొయ్యి మీద ఏముందో మూత తీసి చూసింది. ఏమీ లేదు. "నువ్వు తిన్యావా?" అంది. లేదన్నాను. డబ్బాలో చేయి పెట్టి కొర్రలు తీసి చేటలో పోసుకుని, దీపం కిందికి జరిగి రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.